రాజుగారు దిగలేని బురుజు

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో సూరాలని ఒక కోడలు. ఆవిడ మొగుడు రాజుగారి సైన్యంలో చేరి యుద్ధంలో పోయాడు. ఎక్కడా? ఏటికి అవతల, పగరాజు నేలలో. అక్కడే పూడ్చి మట్టిదిబ్బ పోశారు. ఏరు దాటి వెళ్ళనివ్వరు కదా, ఇంట్లో ముసలి అత్తకు ఒకటే బెంగ. కొడుకు పడుకున్న చోట కాస్త నీడుందో లేదో అని. పొద్దున అదే మాట, మాపున అదే మాట, ముద్ద నోట్లో పెట్టుకుంటూ అదే మాట. ఒసేయ్ బుజ్జీ, ఊఁ అనవేం? నిద్రపోయావా? సరే, విను.

పోయినవాళ్ళ గుర్తుగా రాజుగారికి ఏదైనా కట్టాలనిపించింది. మంచివాడే పాపం, కాకపోతే తొందర. నూటొక్క మెట్లతో ఇంతెత్తు బురుజు కట్టించాడు. ఎక్కితే ఏరు, ఏటవతల చేలు, నాలుగు దిక్కులూ కనబడతాయి. మెట్టుకొకటి చొప్పున పోయినవాళ్ళ పేర్లు చెక్కించాడు. మెట్ల మీద! అంతమంది మంత్రులుండి ఒక్కడికీ తోచలేదు చూడండి.

మొదటిరోజు రాజుగారు చకచకా పైకెక్కి, ఆహా అని చూసుకుని, ఇక పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళను రమ్మన్నాడు. అందరికంటే ముందు సూరాలు. అత్త ఎక్కలేక కింద అరుగు మీద కూర్చుంది, నీడ సంగతి చూసి రమ్మని. సూరాలు కాలెత్తబోతే భటుడు గొప్పగా పేర్లు చదివాడు. మొదటి మెట్టు ఎల్లమంద, రెండోది గురవయ్య, మూడోది మీ ఆయన బంగారయ్య అని. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది సూరాలు. వంగి మొగుడి పేరున్న మెట్టు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. దాటుకుని వెళ్ళమన్నాడు భటుడు. మనిషిని దాటడం ఇంకా తప్పు కదూ? వెళ్ళాలని ప్రాణం పీకుతోంది, కాలు రావడం లేదు. ఏడుపొచ్చేసింది పిచ్చిదానికి.

ఎవరూ రారేమని రాజుగారు పైనుంచి కేకేశాడు.

"మావాళ్ళ మీద కాలు పెట్టి ఎక్కలేం దొరా!" అంది సూరాలు.

రాజుగారు కిందికి చూసుకున్నాడు. నూటొక్కమందినీ తొక్కుకుంటూ వచ్చాడు. దిగాలంటే మళ్ళీ తొక్కాలి! సిగ్గుతో ముఖం వాడిపోయింది. ఏం చెయ్యమంటావమ్మా అని ఆవిడనే అడిగాడు. పై మెట్టు నుంచి ఒక్కో రాయీ తీయించి బురుజు మీద పిట్టగోడ వెంబడి నిలబెట్టమంది సూరాలు. చూడ్డానికి కట్టిన బురుజైతే వాళ్ళూ చూడాలి కదా అంది.

ఇక చూడండి, పనివాళ్ళు నిచ్చెనలేసుకుని పేరున్న రాయి తియ్యడం, వట్టి రాయి పెట్టడం, తీసిన రాయిని రాజుగారే పైకి మొయ్యడం. రాయి తియ్యడం, రాయి పెట్టడం, రాజుగారు మొయ్యడం. మూడు రోజులు ఆయనకు అన్నం బుట్టలో పెట్టి తాడుతో లాగారు. చేతులు బొబ్బలెక్కాయి. ఎక్కనీ.

నాలుగోరోజు రాజుగారు దిగాడు, సూరాలు ఎక్కింది. మొగుడి రాయి మీద చెయ్యి వేసి అవతలి దిబ్బ వైపు చాలాసేపు చూసింది. దిగాక, నీడుందా అనడిగింది అత్త. ఉందనేస్తే పోయేది, నోరు రాలేదు.

"చెట్టు లేదత్తా," అంది. "చుట్టూ జొన్నచేను వేశారు. దిబ్బ మీదికి మాత్రం నాగలి పోనివ్వలేదు. దాని పక్కనే ఒకావిడ కూర్చుని పిల్లకి అన్నం తినిపిస్తోంది."

ముసలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"అయితే నా కొడుకు ఒంటరిగా లేడే," అంది.

ఆ పూట కడుపునిండా తింది. అందుకే నాన్నా, పోయినవాళ్ళకి ఎంత గొప్పది కట్టినా, ముందు వాళ్ళింటివాళ్ళని ఒక్క మాట అడగాలి. కథేమో కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లు కప్పుకోండి.