పాలికిచ్చిన మేక

మేకల పంపకానికి ఆచారముండి తల్లుల హక్కుకు లేని రాజ్యమొకటి ఉండేది. అక్కడ పోలమ్మ మొగుడు రెండో పెళ్లి చేసుకుని, ఆమెను గెంటేసి, ఆరేళ్ల కూతుర్ని ఉంచేసుకున్నాడు.

"బిడ్డ తండ్రి సొత్తు. నువ్వు పెంచావు, అంతే," అని మొరపెట్టుకున్న పోలమ్మకు తీర్పు చెప్పాడు ధర్మాధికారి.

ఆయన తన మేకను పెంచమని, పుట్టే పిల్లల్లో సగం వాటా ఇచ్చే ఒప్పందంతో పోలమ్మకు పాలికిచ్చి ఉన్నాడు. మర్నాడు ఆమె ఆ మేకనూ, అది ఈనిన రెండు పిల్లలనూ కొలువుకు తోలుకొచ్చింది.

"అన్నీ మీరే ఉంచుకోండి దొరా. నేను పెంచాను, అంతే."

నలుగురూ చూస్తున్నారని ఆయన నవ్వాడు. "వెర్రిదానా, మేపినవాళ్లకు ఒక పిల్ల దక్కాలి. ఎగ్గొట్టడానికి నేనేమన్నా దొంగనా?"

"మేపినందుకే మేకపిల్ల నాదైతే, కని పెంచిన కూతురిలో నాకు పాలు లేదా దొరా?"

ఆయన నెలలో సగం రోజులు బిడ్డ తల్లి దగ్గర ఉండాలని తీర్పు మార్చాడు.

కూతురొచ్చింది. గుంజకు కట్టిన మేకపిల్లను నిమురుతూ అడిగింది.

"అమ్మా, దీన్ని ఎవరూ వెనక్కి తీసుకుపోరు కదా?"