తెగని తాడు

అన్యాయం జరిగింది తాళ్ళు పేనే నూకాలుకి. ఖర నామ సంవత్సరం, పుష్య బహుళ తదియ, బుధవారం. ఇది ముందు చెవిన వేసుకోండి పిల్లలూ. కథ మొదలైతే అందరూ రాజు ఊసే చెబుతారు, తాళ్ళు పేనేదాని ఊసు ఎవరికీ పట్టదు.

సరే, అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు: జయకేతు, మణికేతు, వీరకేతు. తిని కూర్చుని విసుగెత్తి, ముగ్గురూ ఉత్తరపు గట్టు చూద్దామని బయలుదేరారు. అక్కడ కొండలు గొడ్డలితో నరికినట్టు నిలువునా సముద్రంలోకి దిగుతాయి. ఎండ పలచన, పొగమంచు చిక్కన. కొండచరియ నిండా పక్షుల గూళ్ళు. తాడు మీద దిగి ఆ గూళ్ళు చూడటం రాజకుమారులకి సరదా. నూకాలుకీ ఆమె తమ్ముడు దానయ్యకీ అదే బతుకుతెరువు.

ఆ గట్టున ఒక కట్టుబాటు ఉంది. దిగేవాడు మూడు బారలకొకసారి "ఉన్నాను" అని కేకెయ్యాలి. పైన తాడు పట్టినవాళ్ళు "పట్టాను" అనాలి. కింద ఉన్నది మంచివాడా చెడ్డవాడా అని అడగకూడదు, బదులివ్వాలి, అంతే. బదులు రాని కేకని ఏడు సముద్రాల అవతలి కరాళుడనే మాంత్రికుడు పట్టుకుపోతాడు. కేకతో పాటు మనిషినీ.

దారి చూపడానికి దానయ్య ముందు దిగాడు. జయకేతు నూకాలు చేతిలోంచి తాడు లాక్కున్నాడు.

"ఆడదానివి, నీకెందుకు ఈ బరువు? పోయి చలిమంట వెయ్యి."

"మంట మీరే వేసుకోండి దొరా. తాడు నాది, తమ్ముడు నావాడు."

"రాజు కొడుకు చెబితే ఎదురు చెబుతావా?"

చేసేది లేక వెళ్ళింది. ఇంతలో దూరంగా తిమింగలం నీళ్ళు చిమ్మింది. జయకేతూ మణికేతూ తాడు కొసని రాయి కింద నొక్కి, చూడటానికి పరుగెత్తారు. "ఉన్నాను" అన్నాడు దానయ్య. బదులు లేదు. "ఉన్నాను" అన్నాడు మళ్ళీ. బదులు లేదు. మూడోసారి కేక సగంలోనే ఆగిపోయింది. రాయి దొర్లింది, తాడు జారింది.

అన్నలు తండ్రి దగ్గర తాడు తెగిందన్నారు. చిన్నవాడు వీరకేతు అంతా చూశాడు, నోరు మూసుకున్నాడు. "నూకాలు పేనిన తాడు తెగింది" అని లేఖకుడు రాసేశాడు. ఆ రాతతో జాలర్లు ఆమె తాళ్ళన్నీ తెచ్చి గుమ్మంలో పారేశారు. తమ్ముడూ పోయాడు, పేరూ పోయింది.

మూడో రోజు వీరకేతు ఒంటరిగా ఆమె గుడిసెకి వచ్చాడు.

"నేను చూశాను నూకాలూ. అన్నల ముందు నోరు లేవలేదు."

"నోరు లేవనివాడికి కాళ్ళైనా లేస్తాయా? లేస్తే నడు. తమ్ముణ్ణి తెచ్చుకోవాలి."

ఇద్దరూ నడిచారు. రాళ్ళ సందున వల చుట్టుకుని సముద్రపు కాకి కొట్టుకుంటోంది. నూకాలు చిక్కు విప్పింది. కాకి కరాళుడి గుహకి దారి చెప్పింది. బండల మధ్య పెద్ద తాబేలు ఇరుక్కుంది. ఇద్దరూ తాడేసి లాగారు. తాబేలు వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. దాటేసరికి రెండు పుష్యాలు గడిచాయి. అప్పటికి వీరకేతు అరచేతులు కూడా తాడు పట్టేవాళ్ళ చేతుల్లా కాయలు కాచాయి.

"గుహలో చిలక ఉంది, మాంత్రికుడి ప్రాణం అందులోనే," అంది తాబేలు. "పట్టుకునేదాకా పెదవి కదపకండి. మాట్లాడితే రాయైపోతారు. ఇక మీకు మూడో సాయం లేదు."

గుహ నిండా మనుషుల ఆకారంలో రాళ్ళు. పైన చిలక. వీరకేతు చెయ్యి చాపాడు. చిలక ఎగిరి అందనంత ఎత్తున కూర్చుని, నూకాలు వంక చూసి, దానయ్య గొంతుతో అంది: "ఉన్నాను."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ కేకకి ఆమె బదులివ్వని రోజు లేదు. "పట్టాను" అనేసింది.

అన్నాక గుర్తొచ్చింది. కాళ్ళు చల్లబడ్డాయి, మోకాళ్ళ దాకా బిగుసుకున్నాయి. వీరకేతు కళ్ళు మూసుకున్నాడు. కానీ చిలక దిగి వచ్చి ఆమె అరచేతిలో వాలింది. ఇన్నేళ్ళకి దానికి ఒక్కరు బదులిచ్చారు మరి. ఒక ఈక రాలింది. ఒక రాయి కదిలి దానయ్యైంది.

"మెడ తిప్పెయ్," అన్నాడు వీరకేతు.

"తిప్పితే ఇందులో ఉన్న కేకలన్నీ చస్తాయి. నోర్ముయ్యి, అది నీకు బాగా వచ్చుగా."

మూడు పగళ్ళు చిలక కేకలు వేసింది. మూడు పగళ్ళు నూకాలు బదులిచ్చింది. కేకకో ఈక, ఈకకో మనిషి. ఆమె కాళ్ళలో వేడి తిరిగి వచ్చింది. బోసిపోయిన చిలకతో పాటు, గుహ చీకట్లోంచి దొర్లుకొచ్చిన కరాళుడూ కుంచించుకుపోయి ఆమె కాళ్ళ దగ్గర పడ్డాడు. చివరి కేక పసివాడిది, ఎప్పటిదో. అది కరాళుడిదే. వాడూ ఒకనాడు ఆ కొండ మీంచి జారినవాడే.

నూకాలు కాళ్ళ దగ్గర పడి ఉన్నవాణ్ణి చూసింది. తర్వాత "పట్టాను" అంది. ఎవరని అడగకూడదు కదా. చిలక పోయింది, వాడూ పోయాడు, పోయినప్పుడు వాడి మొహం పదేళ్ళ పిల్లాడిదిలా ఉంది.

దానయ్య బతికొచ్చాడు గానీ, పెదవి కదపకూడని వేళ పలికిన బదులు కదా, మోకాళ్ళ కింద రాయి రాయిగానే మిగిలింది. మళ్ళీ కొండ దిగలేదు. అతని నడుముకి కట్టిన తాడు మాత్రం ఎక్కడా తెగకుండా ఉంది, రెండు కొసలా నూకాలు వేసిన ముడి చెక్కుచెదరలేదు. దాన్ని వీరకేతు సభలో తండ్రి ముందు పరిచి, ఈసారి నోరు తెరిచాడు. అన్నలిద్దరికీ రాజ్యం పోయింది.

"నన్ను పెళ్ళాడతావా?" అని అడిగాడు నూకాలుని.

"ముందు రాసింది మార్పించు. పెళ్ళి మాట తర్వాత."

మార్పించి, గట్టు మీది కొండరాతి మీద చెక్కించాడు. పెళ్ళి గట్టు మీదే జరిగింది. యాభై ఏళ్ళు ఏలారు. ఏటా ఆ తిథినాడు రాజు తాడు మీద దిగి "ఉన్నాను" అనేవాడు. రాణి వెంటనే బదులిచ్చేది కాదు, కాస్త ఆగి ఇచ్చేది. ఆ కాస్తలో ఆయనకు ఏం గుర్తుకు రావాలో అది వచ్చేది.

రాత ఇప్పటికీ ఆ కొండరాతి మీదే ఉంది: "నూకాలు పేనిన తాడు తెగలేదు. పట్టినవాళ్ళు వదిలేశారు. ఖర నామ సంవత్సరం, పుష్య బహుళ తదియ, బుధవారం."