పురిటిపాయ లీజు

ఒడ్డు నుంచి సముద్రంలోకి ఒక పూట ఈదితే వచ్చే దీవి అది. చుట్టూ మడచెట్లు, మధ్యలో ఒకే ఒక్క పాయ. దాన్ని దీవివాళ్ళు పురిటిపాయ అనేవాళ్ళు. వానలకి ముందు మూడు నెలలూ కొయ్యింగ చేపలూ పండుగప్పలూ ఆ పాయలోకొచ్చి గుడ్లు పెట్టేవి. ఆ మూడు నెలలూ పాయకి పురుడు. ఇంట్లో బాలింత ఉంటే గొంతు తగ్గించి మాట్లాడుకుంటామా లేదా? వాళ్ళూ అంతే. పాయలోకి దిగడం మాట దేవుడెరుగు, గట్టున నిలబడి గట్టిగా అరిచేవాళ్ళు కూడా కాదు. ఎవడైనా కక్కుర్తిపడి దిగితే వాడితో ఏడాదిపాటు ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆ ఒక్క శిక్షా చాలేది.

ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ మూడు నెలలూ ఆకలి నెలలే. బయటి ఇసుక దిబ్బల మీద అలల దెబ్బలు తింటూ గుల్లలు ఏరుకోవాలి. ఒక పూట తింటే ఒక పూట పస్తు. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకునేవాళ్ళు గానీ, బక్క పిల్లలు కొందరు వానలదాకా నిలిచేవాళ్ళు కాదు. నీటికుక్క పైడికి ముందటేడు ఒక పిల్ల అలాగే పోయింది. ఈ ఏడు మళ్ళీ ఇద్దరు పిల్లలు. పైగా పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర కాపలా వంతు కూడా ఈ ఏడు ఆమెదే.

సరిగ్గా అప్పుడే దిగాడండీ, నక్క వరహాలు!

ఊరికే దిగలేదు. ఇల్లంత ఓడలో దిగాడు. ఓడ నిండా నీటికాకులు, సన్నకన్ను వలలు, చేప డబ్బాలు. ఏడు రేవుల కంపెనీకి ఏజెంటునని చెప్పుకున్నాడు. తిన్నగా దీవి పెద్ద దగ్గరికి పోయాడు. పెద్ద ఎవరంటే గూడబాతు గంగరాజు. చెడ్డవాడని నేననను. ఎవరైనా వంగి "అయ్యా" అంటే చాలు, గొంతు కింద సంచీ ఊగిపోయేది, అదీ ఆయన జబ్బు.

"అయ్యా! తమ పాయ మూడు నెలలు ఖాళీగా పడుంటుందట కదా?" అన్నాడు వరహాలు, వంగి.

"ఖాళీగా కాదయ్యా. పురుడు."

"అయ్యయ్యో, నేను కాదన్నానా! ఆచారమంటే మా కంపెనీకి ప్రాణం. మీ దీవివాళ్ళు ఒక్కరు కూడా పాయలో కాలు పెట్టొద్దు. పెడితే నేనే ఊరుకోను. ఆ మూడు నెలలూ మాకు లీజుకివ్వండి, చాలు. మేం దీవివాళ్ళం కాదు గదండీ!"

గంగరాజు ముక్కు గీరుకున్నాడు. "అదీ నిజమే."

"బదులుగా తలకో చేప డబ్బా, పూటపూటకీ. పిల్లలకీ పెద్దలతో సమానంగా."

ఆ దీవిలో ఏ నిర్ణయమైనా సముద్రం పాటు మీద ఉండి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుకలో అందరూ చేరి తేల్చేవాళ్ళు. ఒప్పుకున్నవాళ్ళు నీటి వైపు నిలబడాలి, కాదన్నవాళ్ళు గట్టు వైపు. ఆ రోజూ చేరారు. గంగరాజు లీజు మాట చెప్పాడో లేదో, తాబేలు నూకాలు మామ్మ అందుకుంది. ఆ దీవిలో ఆవిడ కంటే పాత ప్రాణం లేదు.

"ఒరే గంగరాజూ, పురుడు ఎవరికిరా? మనకా, పాయకా?"

"పాయకే మామ్మా."

"మరి లోపల దూరేది మనమైతేనేం, ముక్కూమొహం తెలీనివాడైతేనేం? బాలింత గదిలోకి ఇంట్లోవాళ్ళు పోకూడదంటే, వీధిలోవాళ్ళు పోవచ్చనిరా అర్థం? బుర్ర ఎక్కడ పారేశావు?"

అందరూ నవ్వారు. గంగరాజు నీళ్ళు నమిలాడు. వరహాలు మాత్రం తొణకలేదు. వాదించనూ లేదు. చేతులు జోడించి, "మామ్మగారు పెద్దవారు. వారితో నేను మాట్లాడగలనా? నేనడిగేది ఒక్కటే. ఆకలి నెలల్లో ఈ దీవిలో ఎంతమంది తల్లులు పిల్లల్ని పోగొట్టుకున్నారు?" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. వాడికి ముందే ఎవరో చెప్పి ఉంటారు, దొంగ సచ్చినోడికి! చూపు తిన్నగా పైడి మీదే ఆపాడు.

"పోయారు. కాదన్నానా? పోయిన ప్రతి పిల్లనీ నేను చూశాను" అంది మామ్మ, పైడి వైపు తిరిగి. "కానీ మిగిలినవాళ్ళు బతికింది ఆ పాయ మీదేనే అమ్మా. దానికీ ఓ మూడు నెలలు ఊపిరి ఉండాలి."

పైడి ముందుకొచ్చింది. చెరో పక్కా పిల్లలున్నారు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "మామ్మా, నువ్వు మూడు నెలలు తినకపోయినా బతుకుతావు. నా పిల్లలు బతకరు" అంది.

పైడి పిల్లల్ని తోసుకుంటూ నీటి వైపు నడిచింది. ఆమె వెనకే కొంగలు, కొంగల వెనక పీతలు. గట్టు మీద మామ్మ ఒక్కతీ మిగిలింది. పైడిని తిట్టేవాళ్ళు తిట్టుకోండి. నాకు మాత్రం నోరు రాదు. పిల్లని చేతుల్లో పెట్టుకుని పోగొట్టుకున్నదాన్ని ఏమని తిడతాం?

ఆ సాయంత్రమే మొగకి అడ్డంగా కట్టిన మడకొమ్మల తడికని పైడి తన చేత్తోనే తీసింది. నీటికాకులు వలలు పట్టుకుని లోపలికి దూసుకుపోయాయి. గుడ్లతో బరువెక్కిన చేపలు, అప్పుడే కళ్ళు తెరిచిన పిల్లలు, రొయ్యపొట్టు, ఏదీ వదల్లేదు. ఆ సన్నకన్ను వలలో నీళ్ళు తప్ప ఏదీ తప్పించుకోదు. మాట ప్రకారం డబ్బాలు మాత్రం వచ్చాయి. పైడి పిల్లలు నున్నగా, గుండ్రంగా తయారయ్యారు. ఆ ఏడు దీవిలో ఒక్క పిల్ల కూడా పోలేదు.

"చూశావా మామ్మా!" అంది పైడి, సంతోషం పట్టలేక.

"చూశానే తల్లీ. పిల్లలు బావున్నారు" అంది మామ్మ.

వానలొచ్చాయి. పాయ దీవివాళ్ళ చేతికొచ్చింది. దిగి చూస్తే ఏముంది? పొద్దంతా మునిగితే పైడికి రెండు చేపలు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి నిలబడి కాళ్ళు పీకి ఎగిరిపోయేవి. "ఈ ఏడు నీళ్ళు బాగోలేవు" అన్నాడు గంగరాజు. నీళ్ళకేమైందయ్యా, నిక్షేపంలా ఉన్నాయి! ఉండాల్సినవి అందులో లేవు, అంతే.

మళ్ళీ వరహాలు దగ్గరికే పరిగెత్తారు. వాడు ఎంత బాధపడిపోయాడో చూడాలి.

"అయ్యో, మీ కష్టం నా కష్టం కాదా! మిగిలిన తొమ్మిది నెలలూ కూడా డబ్బాలు నేనే ఇస్తాను. ఆ తొమ్మిది నెలల లీజు కూడా రాసేయండి. అయితే ఊరికే కూర్చుంటే ఒళ్ళు బరువెక్కుతుంది. మా వలలు లాగడానికి రండి, ఎవరి డబ్బా వాళ్ళు దర్జాగా సంపాదించుకోండి."

అలా తమ పాయలో తామే కూలికి దిగారు. ఒకనాడు పైడి డబ్బా తెరిచి ముక్క నోట్లో పెట్టుకుంది. ఠక్కున ఆగిపోయింది. మడవేళ్ళ వాసన! ఆ వాసన పురిటిపాయ కొయ్యింగకి తప్ప ఇంకే చేపకీ ఉండదు. డబ్బా పట్టుకుని ఓడ దగ్గరికి పోయింది.

"వరహాలు బాబూ, ఇవి మా చేపలే!"

"మీవే తల్లీ, ఎవరు కాదన్నారు? ఏడు రేవులు తిరిగి, ఉడికి, డబ్బాకెక్కి, ఇంత దూరం వెనక్కొచ్చాయి. ఆ శ్రమకి విలువుండదా?"

పిల్లలు డబ్బా కోసం చూస్తున్నారు, పైడి తిరిగొచ్చేసింది.

మామ్మ ఇక ఊరుకోలేదు. పెద్దరికానికి తానే నిలబడతానంది. "నన్ను పెద్దని చేయండి. మొగ మూసేస్తాను. ఓడని వచ్చిన దారినే పంపిస్తాను" అంది. మొదటిసారిగా దీవిలో గుసగుసలు మొదలయ్యాయి. కొంగలు తలలూపాయి, పీతలు గోళ్ళు ఎత్తాయి. గంగరాజుకి రెండు రోజులు తిండి సయించలేదు.

నిర్ణయం నాడు వరహాలు కూడా ఒడ్డుకొచ్చి ఓ పక్కగా కూర్చున్నాడు. "మీ దీవి, మీ పెద్ద, మీ ఇష్టం. మా కంపెనీ రాజకీయాల్లో వేలు పెట్టదు" అన్నాడు. "కాకపోతే మా యజమానులు ఎక్కడో దూరాన ఉంటారు. ఉత్త పిరికివాళ్ళు. పెద్ద మారాడంటే, ఓడని కొన్నాళ్ళు ఆపి చూద్దామంటారు. నేను జీతగాణ్ణి, ఏం చేయను?"

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?" అడిగింది పైడి.

"అది వాళ్ళకే తెలియాలమ్మా."

ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. గదమాయించలేదు. అంతా పద్ధతిగా, నవ్వుతూ జరిగిపోయింది. మామ్మ పక్కన ముసలి పీతలు రెండు నిలబడ్డాయి. పైడి తల వంచుకుని గంగరాజు వైపు నడిచింది, మామ్మ మొహం చూడలేక. ఆ పద్ధతి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండిపోతుంది.

గెలిచిన గంగరాజుకి మాత్రం సుఖముందా? పాయ రోజురోజుకీ ఎండిపోయినట్టవుతుంటే ఆయనకే దడ పుట్టింది. ధైర్యం చేసి ఓడెక్కాడు.

"వరహాలూ, ఒక్క నెల. ఒక్క నెల పాయకి విశ్రాంతి ఇద్దాం."

"ఓ, తప్పకుండా అయ్యా! పక్క దీవి పెద్ద అడక్కముందే పన్నెండు నెలలూ ఇస్తానంటున్నాడు. మడచెట్లు కూడా కొట్టుకోమన్నాడు, చేపలు ఎండబెట్టే పొగకి. మేం అక్కడికి పోతాం. మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి."

గంగరాజు గొంతు సంచీ వేలాడిపోయింది. విశ్రాంతి అడగడానికి వెళ్ళినవాడు మడచెట్లు కూడా రాసిచ్చి దిగాడు.

చెట్లు పోయాక గట్లు విరిగాయి. ఆ మరుసటేడు వలలో బురదే వచ్చింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. వరహాలు బురద వాసన చూసి, వలలు మడవమని నీటికాకులకి చెప్పాడు.

"ఎక్కడికి బాబూ?" అంటూ దీవంతా రేవులో చేరింది.

"పక్క దీవికి."

"మరి మా డబ్బాలు?"

"పాయ ఉంటే డబ్బా. లీజు కాగితంలోనే ఉంది కదండీ."

అప్పటికి పైడి పెద్దపిల్లలిద్దరూ ఓడ మీద వలలు లాగుతున్నారు. కింద మళ్ళీ ఇద్దరు చిన్నవాళ్ళు. బతికున్న చేపని వెంటాడటం ఆ చిన్నవాళ్ళు ఎన్నడూ చూడలేదు. మామ్మ పాక్కుంటూ ఆమె దగ్గరికొచ్చింది.

"జరిగిందేదో జరిగింది. మొగ మూసేద్దామే. మూడు నెలలు కాదు, మూడేళ్ళు. ఎక్కడో ఒక జత చేప మిగిలే ఉంటుంది. కాపలా నేనుంటాను, నువ్వు తోడుండు."

"మూడేళ్ళు ఏం తిని మామ్మా?"

"అది నాకూ తెలీదే తల్లీ" అంది మామ్మ. ఓడ మీద నుంచి వరహాలు అంతా విన్నాడు. మెత్తగా పిలిచాడు.

"పైడమ్మా, నువ్వు రాకూడదూ? తేలిక పని. ఆ దీవివాళ్ళు కాస్త అనుమానం మనుషులు. నీలాంటి తల్లి ఒకర్తి వచ్చి, చూసింది చెప్తే నమ్ముతారు. ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. చిన్నపిల్లల డబ్బాలకి నాదీ పూచీ."

పైడి పాయ వైపు చూసింది. పిల్లల్ని చూసింది. మామ్మని మాత్రం చూడలేదు. పిల్లల్ని నోట కరుచుకుని ఓడెక్కేసింది.

పక్క దీవిలోనూ ఒక పాయ ఉంది. అక్కడా మూడు నెలలు దాన్ని ముట్టుకోరు. అక్కడా అందరూ తడి ఇసుకలోనే చేరారు. ఎటూ తేల్చుకోలేక గుంపంతా మధ్యలోనే నిలబడింది. వాళ్ళలోంచి ఒక బావురుపిల్లి ముందుకొచ్చింది. చిన్న వయసు, తొలి కాన్పు. వెనక ముగ్గురు పిల్లలు, మూడోది నిలబడలేక కూలబడిపోతోంది. అది తిన్నగా పైడి దగ్గరికే వచ్చింది.

"అక్కా, వీళ్ళ మాటలు నాకొద్దు. నువ్వూ పిల్లల తల్లివే. నువ్వు చెప్పు. ఈ ఓడొచ్చాక, ఆకలి నెలల్లో నీ పిల్లలెప్పుడైనా పస్తు పడుకున్నారా?"

వెనక ఓడ మీద ఆమె చిన్నవాళ్ళిద్దరూ డబ్బా అడుగు నాకుతున్న చప్పుడు వినపడుతోంది. వరహాలు ఆకాశం కేసి చూస్తున్నాడు, తనకేం పట్టనట్టు.

"లేదు చెల్లీ" అంది పైడి. "ఒక్క పూట కూడా పడుకోలేదు."

బావురుపిల్లి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఆమెకి దణ్ణం పెట్టింది. కూలబడిన పిల్లని నోట కరుచుకుని నీటి వైపు నడిచింది. దాని వెనకే దీవి దీవంతా కదిలింది. పైడి అక్కడే నిలబడింది, ఇంకొక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని. మీ పాయ ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

నీతి: ఆకలి తీరుస్తానని వచ్చినవాణ్ణి ఏం పెడతావని కాదు, ఏం పట్టుకుపోతావని అడగాలి.