జైలు గది ముందు బంతిపూల దండ

"మంచివాణ్ణీ చెడ్డవాణ్ణీ వేరు చేసి చూడటమే కదా స్వామీ వివేకం?" అని శిష్యుడు కోదండపాణి అడిగినప్పుడు విరూపాక్షయ్యగారు జవాబు చెప్పలేదు. ఆయనది అదో అలవాటు. ప్రశ్న వినగానే అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. "ఎల్లుండి పాత జైలు దగ్గర దండల సంగతి నువ్వు చూసుకో" అన్నారు.

ఆ ఊరి జైల్లో ఇప్పుడు మిగిలింది కిటికీ ఉన్న ఒక గది, దాని పక్కన సగం గోడ. తక్కిన రాళ్ళన్నీ ఎప్పుడో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ పునాదుల్లోకి చేరిపోయాయి. స్వాతంత్ర్య పోరాటంలో పట్టుబడ్డవాళ్ళను ఉంచారని ఆ ఒక్క గదినీ వదిలేసి, ఏటా జెండా పండుగనాడు సున్నం కొట్టి దండలు వేస్తారు. దొంగలనూ అందులోనే కుక్కేవారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఊరి పరువు మరి!

ఆ రోజు ఒక ముసలమ్మ బంతిపూల దండ పట్టుకుని వచ్చింది. తన తండ్రి ఈ గదిలోనే పోయాడని చెప్పగానే కోదండపాణి పొంగిపోయాడు. కుర్చీ వేసి, "మీ నాన్నగారిని ఏ సత్యాగ్రహంలో పట్టుకున్నారమ్మా?" అని అడిగాడు.

"సత్యాగ్రహం గాదు నాయనా. కరువులో ఎవురిదో గాదెలో జొన్నలు ఎత్తుకపోయినాడు. మాయమ్మ ఈ కిటికీలోంచే సంకటి ముద్ద ఇస్తాంటే, కొంగు పట్టుకోని నేనూ వస్తాంటి. పానం బాగలేదు, మళ్ళా రాలేను. ఒక్క దండ ఏసి పోతా."

కోదండపాణి ముఖం మాడిపోయింది. మన్నన ఎటుపోయిందో, "ఇది దేశభక్తుల చోటు. దొంగకు దండేమిటి? అంతగా కావాలంటే నువ్వు బయట గోడ దగ్గర పెట్టుకో" అన్నాడు.

ముసలమ్మ చటుక్కున కుర్చీలోంచి లేచింది. "తప్పయింది నాయనా" అని, దండను గోడ కింద మట్టిలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఆమె క్షమాపణ చెప్పుకుందే, అదీ కోదండపాణికి తగిలిన దెబ్బ. కాసేపు ఆ దండ వైపు చూడలేకపోయాడు. తర్వాత బస్టాండుకు పరుగెత్తాడు. ఆమె కనిపించలేదు. ఆమె ఊరేదో, పేరేదో అడిగిన పాపాన కూడా పోలేదాయె. తిరిగొచ్చి, మట్టి దులిపిన దండతో, అప్పుడే గది దగ్గరికి వచ్చిన గురువుగారి ముందు నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"సిగ్గుతో చచ్చిపోతున్నాను స్వామీ. దీన్ని లోపల వెయ్యమంటారా?"

విరూపాక్షయ్యగారు ఆ కిటికీ వైపు చూశారు.

"జైలు పడగొట్టి ఇన్నేళ్ళయింది" అన్నారు. "కాపలావాడి ఉద్యోగం మాత్రం ఇంకా ఖాళీ కాలేదన్నమాట."