గవరమ్మ అడిగిన దారి

పూర్వం ఒక రాజు గుట్ట మీద వింతల శాల కట్టించి, అందులో పెద్ద రాతి ఏనుగుని పెట్టించి, ప్రజలంతా వచ్చి చూడమని చాటింపు వేయించాడు. కాళ్ళు పడిపోయిన గవరమ్మ చాపలు అల్లుకుని బతికేది. ఆమె చక్రాల పీట మీద వస్తే, శాలాధికారి మెట్ల దగ్గరే ఆపేశాడు.

"మెట్లెక్కలేనివాళ్ళకి లోపలేం పని? ఇంటికి పో."

గవరమ్మకి ఒళ్ళు మండింది. రాజు వచ్చేదాకా అక్కడే కూర్చుంది.

"మహారాజా, లోపలున్న రాతి ఏనుగు ఈ మెట్లు ఎలా ఎక్కింది?" అని అడిగింది.

"రాయి మెట్లెక్కుతుందా? మట్టితో వాలుదారి పోసి లాగించాం," అన్నాడు అధికారి.

"రాయి కోసం పోసిన దారిని మనుషులొచ్చే వేళకి ఎందుకు తవ్వేశారు?"

రాజు ఆ దారిని మళ్ళీ పోయించాడు. గవరమ్మ పీట తోసుకుంటూ బయలుదేరితే, అధికారి సాయానికి చేయి చాచాడు.

"అక్కర్లేదు, దారి చాలు," అంటూ ఆమె పైకి సాగిపోయింది.