చెల్లెలి గాజులు

ఒక ఇంట్లో ఒక దీపం ఉండేది. ఆ దీపానికి ఎవరూ వీపు చూపించకూడదు.

వినడానికి ఇది చిన్న నియమమే. కానీ కాస్త ఆగి ఆలోచించండి. దీపం నట్టింట్లో ఉంది. వాకిట్లోకి వెళ్ళాలంటే వెనక్కి నడవాలి. బావి దగ్గరికీ వెనక్కే. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం దీపానికి ఎదురుగా, అందరిలాగే నడవొచ్చు.

ఆ ఇంట్లో ఉండేది తండ్రీ కూతురూ ఇద్దరే. కూతుర్ని ఆయన బడికి పంపలేదు. "అక్కడి పిల్లలు దేనికి పడితే దానికి వీపు తిప్పేస్తారమ్మా" అనేవాడు. దీపానికి అటు ఆయన, ఇటు ఆమె కూర్చుంటే అదే బడి. ఎక్కాలు, పద్యాలు, వత్తి ఎగదొయ్యడం, అన్నీ ఓపికగా, ప్రేమగా నేర్పాడు. "ఒక్కరు వీపు తిప్పినా చాలు, దీపం కొండెక్కుతుంది" అన్నది కూడా అంతే ప్రేమగా నేర్పాడు.

అమ్మాయి పెద్దదైంది. తండ్రికి ఓపిక తగ్గింది. పని వెతుక్కుంటూ అమ్మాయి ఊళ్ళోకి బయల్దేరింది, వెనక్కి నడుస్తూ.

వీధి మలుపులో ఒక మజ్జిగ కుండకి వెళ్ళి తగిలింది. "ఏమ్మా, కళ్ళు వీపున పెట్టుకుని పుట్టావా?" అంది కుండావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మాయి ముఖం కందిపోయింది. బడి పిల్లలు తప్ప పెద్దవాళ్ళంతా ఇలాగే నడుస్తారనుకుంది ఇన్నాళ్ళూ. చూస్తే ఒక్కరూ అలా నడవడం లేదు.

అక్కడే గాజులమ్ముకునే ఆవిడ జాలిపడింది. "ఎవరికోసం చూస్తూ నడుస్తున్నావు తల్లీ?"

నిజం చెప్పడానికి సిగ్గేసింది. "మా చెల్లెలు వస్తోందండీ" అనేసింది.

గాజులావిడ మంచిది. అందుకని తనూ ఎదురుచూసింది. ఎండెక్కింది. లేని చెల్లెలు ఎక్కణ్ణించి వస్తుంది? "చిన్నపిల్ల కదా, మెల్లిగా వస్తుందిలే" అంటూ ఎర్రగాజులు ఒక జత తీసి పక్కన పెట్టింది. "వచ్చాక తొడుగుతా. ఏపాటి చెయ్యి?"

"నా అంతేనండీ" అంది అమ్మాయి. ఆ పూట దీపం ముందు తలెత్తలేకపోయింది.

ఇక రోజూ పొద్దున్నే అదే ప్రశ్న.

"చెల్లెలొచ్చిందా?"

"జ్వరమండీ."

ఇంకో రోజు, "చెల్లెలొచ్చిందా?"

"జడేసుకుంటోందండీ."

"ఇంకానా! ఎంత జడే అది!"

చివరికి అమ్మాయికి తాళ్ళు పేనే చోట పని దొరికింది. ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. ఒకరు రాట్నం తిప్పుతుంటారు. ఇంకొకరు ఒడిలోని కొబ్బరి పీచు అందిస్తూ వెనక్కి నడుస్తారు. నడిచినకొద్దీ తాడు పెరుగుతుంది. అర్థమైంది కదా? అక్కడ అందరూ వెనక్కే నడుస్తారు.

"ఈ పిల్ల పుట్టడమే ఇలా నడుస్తూ పుట్టినట్టుంది" అని రాట్నం తిప్పే ఆవిడ మెచ్చుకుంది. అమ్మాయి పొంగిపోయింది. తన సిగ్గు దాచుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది?

ఒకరోజు ఆ సంబరంలో ఎక్కడ ఆగాలో మర్చిపోయింది.

"చాలే, ఆగవే! తాడుని ఊరు దాటిస్తావా ఏంటి?"

ఆ కేక అందేలోపే పీచు ఊరబెట్టే గుంటలో వెల్లకిలా పడింది. "లేవవే తల్లీ! నువ్వూ ఊరితే నిన్నూ పేనాల్సొస్తుంది!" అంది రాట్నం ఆవిడ. అందరితో పాటు అమ్మాయికీ నవ్వొచ్చింది. పొర్లి, తడుముకుని, లేచి నిలబడింది. అప్పుడు తెలిసింది, తన వీపు ఇంటివైపు ఉందని.

ఒళ్ళంతా కంపుతో ఇంటికి పరుగెత్తింది.

దీపం వెలుగుతూనే ఉంది.

"ఏమిటమ్మా ఆ వాసన?" అన్నాడు తండ్రి, దీపం అవతల కూర్చుని.

"పీచు గుంటలో పడ్డాను నాన్నా." అమ్మాయి తల దించుకుంది. "లేచేటప్పుడు... వీపు ఇటు తిరిగింది."

ఇద్దరూ దీపం వంక చూశారు. తండ్రి చాలాసేపు ఆలోచించాడు.

"పడ్డది లెక్కలోకి రాదు" అన్నాడు. "కావాలని తిప్పితేనే."

సందె చీకటి పడుతోంది. అమ్మాయికి భయంగా ఉంది, అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. అయినా కళ్ళు గట్టిగా మూసుకుంది. దీపానికి వీపు తిప్పింది. తలుపు దాకా ముందుకు నడిచింది. చీకటి కోసం ఎదురుచూస్తూ కళ్ళు తెరిచింది.

తలుపు మీద ఒక నీడ నిలబడి ఉంది. తనంతే ఉంది, తనలాగే వణుకుతోంది.

వెనక్కి తిరిగి చూడాల్సిన అవసరం ఆమెకి కలగలేదు. కూతురి వీపు తండ్రి ఎప్పుడూ చూసి ఎరగడు.

"అమ్మాయ్" అన్నాడు. "నీ జడలో పీచుంది."

మర్నాడు పొద్దున్న అమ్మాయి ముందుకు నడుస్తూ బయల్దేరింది. ఎండ వీపున పడుతోంది. రోజూ పోయే దారే, కానీ మడమలకి తెలిసినంతగా కాలివేళ్ళకి తెలియదు. అడుగడుక్కీ తడబడింది. వీధంతా తననే చూస్తోందనిపించి తల దించుకుంది. తల దించుకుంటే నేల మీద నీడ కనిపించింది. తనకంటే ఒక అడుగు ముందు నడుస్తోంది.

"చెల్లెలొచ్చిందా?" అంది గాజులావిడ, అలవాటు కొద్దీ.

"వచ్చిందండీ."

ఆవిడ వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఎవరూ లేరు. అప్పుడు అమ్మాయి ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ వీపే ముందు వచ్చేది. ఆ ముఖం తిన్నగా తనవైపు రావడం ఇదే మొదలు.

"పిన్నిగారూ, నేను మీతో..." అమ్మాయి చూపు నేల మీదే ఉంది.

"ముందు చెయ్యివ్వు."

పక్కన పెట్టిన ఎర్రగాజులు బయటికి వచ్చాయి. కణుపుల దగ్గర కాస్త పట్టాయి, కాస్త నొప్పి పెట్టాయి, తర్వాత జారి ముంజేతి మీద నిలిచాయి.

"నీ అంతేనన్నావుగా" అందావిడ.