రాజుగారి దగ్గర లేని పుస్తకం

వెదురుకోట రాజు నరసభూపుడికి పాత చదరంగం పుస్తకాలంటే పిచ్చి. ఎవరింట అలాంటి తాళపత్రాలున్నాయని తెలిసినా భటులు వెళ్లి పట్టుకొచ్చేవారు. తాటాకు విసనకర్రలల్లే సింగమ్మ ఇంట్లోంచీ అలాగే ఒకటి పోయింది. ఆమెకి ఆట నేర్పిన తండ్రి, తన చేత్తో రాసి విడిచిపోయిన పుస్తకమది.

సింగమ్మ కొలువుకెళ్లి మొరపెట్టుకుంది.

"నా భాండారంలో లేని చదరంగం పుస్తకం తెచ్చియ్యి, నీది పట్టుకుపో," అన్నాడు రాజు. లేనిదంటూ ఉంటే కదా అని ఆయన ధీమా.

మర్నాడు సింగమ్మ తాటాకుల కట్ట తెచ్చి ముందు పెట్టింది. రాజు విప్పి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు.

"ఏమిటే ఇది, ఎగతాళా?"

"తమరు ఓడిన ఆటల పుస్తకం, మహాప్రభూ."

"నేను ఒక్క ఆటా ఓడలేదు!"

"అయితే ఈ పుస్తకం తమ దగ్గర లేనట్టే కదా దొరా! కొలువులో ఎవరికీ తమర్ని ఓడించి ఇది రాసే ధైర్యం చాల్లేదు. చదరంగం తెప్పించండి, మొదటి ఆకు నేను నింపుతాను."

"నింపలేకపోతే కొరడా దెబ్బలే!" అంటూ రాజు పంతంకొద్దీ ఆటకి కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి సింగమ్మ ఆయన ఆట కట్టేసింది.

రాజు గంటం తనే అందుకుని, ఆ ఆటని మొదటి ఆకుమీద రాసుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి, ఆమె తండ్రి పుస్తకం తెచ్చి చేతుల్లో పెట్టాడు. సింగమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

"మేలు చేశారు, ప్రభూ."

"చేసింది నువ్వమ్మా. ఇన్నేళ్లూ నాతో నేనే ఆడుకుంటున్నానని ఇవాళే తెలిసింది," అన్నాడు రాజు. "రేపు కూడా రా. ఆకులింకా చాలా ఖాళీగా ఉన్నాయి."